బెంచీ మీద లోగో ఉంది, పాస్‌బుక్‌లో పీఎఫ్ లేదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో పడింది, మీరు మర్చిపోయి ఉంటారు గానీ నాకు గుర్తుంది. ఏడుగురు పెద్దమనుషులు తలుపంత చెక్కు అట్ట పట్టుకుని నవ్వుతున్నారు, వెనక ఫ్లెక్సీ, ముందు వరసలో యూనిఫాం పిల్లలు ఎండకి కళ్ళు చికిలించుకుని కూర్చున్నారు, కింద సామాజిక సేవలో ఫలానా కంపెనీ అని రాశారు. ఆ కంపెనీ గురించి నాకేం తెలీదు, మంచిదే అయ్యుండొచ్చు. కానీ మూడేళ్ళ కిందట మా స్కూల్లో కూడా అచ్చం ఇలాంటి ఫొటోనే తీశారు, మీ పేపర్లోనే వచ్చింది, కంపెనీ వేరు అంతే. ఆ కటింగ్ ఇప్పటికీ స్టాఫ్ రూమ్ బోర్డుకి గుచ్చి ఉంది, పసుప్పచ్చగా అయిపోయి. ఆ ఫొటో తర్వాత ఏం జరిగిందో రాయటానికి మీ విలేకరి మళ్ళీ రాలేదు, అందుకని నేనే రాస్తున్నా.

నేను రిటైరైన లెక్కల మాస్టార్ని. వారానికి రెండు రోజులు అదే జెడ్పీ హైస్కూల్‌కి వెళ్ళి టెన్త్ పిల్లలకి ఊరికే లెక్కలు చెప్తుంటాను (ఇంట్లో ఉంటే మా ఆవిడకి చాకిరీ, అందుకే ఆవిడే పంపిస్తుంది అనుకోండి). మా ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఫ్యాక్టరీ ఉంది. పేరు రాయను, రాస్తే మీరు వెయ్యరు, వేసినా స్కూల్ హెడ్మాస్టర్ గారికి తలనొప్పి. వాళ్ళు సీఎస్‌ఆర్ కింద (అంటే కంపెనీ లాభంలోంచి సమాజానికి పెట్టాల్సిన ఖర్చు) మా స్కూల్‌కి బెంచీలు ఇచ్చారు, నీళ్ళు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంట్ పెట్టారు. బెంచీలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి, అంతకుముందు పిల్లలు కింద కూర్చునేవాళ్ళు. ప్రతి బెంచీ వీపు మీద కంపెనీ లోగో ఉంటుంది, మా పిల్లలు దానికి మీసాలు గీస్తుంటారు.

ఆర్‌ఓ ప్లాంట్ కథ వేరు. ఓపెనింగ్ రోజు రిబ్బన్ కట్ చేసి, ఒక గ్లాసులో మా బోరు నీళ్ళు ఇంకో గ్లాసులో ప్లాంట్ నీళ్ళు పోసి నీళ్ళలో ఉప్పులెన్ని ఉన్నాయో చెప్పే టీడీఎస్ మీటర్ ముంచి చూపించారు, అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఎనిమిది నెలలు బాగానే నడిచింది. తర్వాత నీళ్ళు సన్నగా రావటం మొదలైంది, మెకానిక్ వచ్చి నీళ్ళు వడకట్టే మెంబ్రేన్ పోయింది ఫిల్టర్లు కూడా మార్చాలి పన్నెండు వేలవుద్ది అన్నాడు. హెడ్మాస్టర్ గారు కంపెనీకి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి చాలా మర్యాదగా "హ్యాండోవర్ అయిపోయింది కదండీ సార్, ఇప్పుడది మీ అసెట్" అంది. స్కూల్ గ్రాంటేమో సుద్దముక్కలకి, కరెంటు బిల్లుకి సరిపోదు. అంతే, అప్పట్నుంచి ప్లాంట్ గదికి తాళం, లోపల చీపుర్లు పెడుతున్నారు, పిల్లలు ఇంటి నుంచి బాటిల్ తెచ్చుకుంటున్నారు. గది బయట నల్లరాయి ఫలకం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది. కుళాయిలు రెండు, ఫలకం మీద పేర్లు పదకొండు, లెక్కపెట్టాను.

ఆ అమ్మాయి చెప్పింది అబద్ధం కాదండీ. తర్వాత మా అల్లుడు చెప్పాడు, అతను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో సరిగ్గా ఈ సీఎస్‌ఆర్ లెక్కలే చూస్తాడు. 2021లో మార్చిన రూల్స్ ప్రకారం సీఎస్‌ఆర్ డబ్బుతో కొన్న ఆస్తి కంపెనీ తన పేరు మీద ఉంచుకోకూడదట, ఏ స్కూల్‌కో పంచాయతీకో రిజిస్టరైన ట్రస్టుకో చెందాలట. రూల్ మంచిదే, లేకపోతే ఆ పేరుతో సొంత గెస్ట్‌హౌస్‌లు కట్టుకుంటారు. కానీ మెయింటెనెన్స్ ఎవరు చూడాలో ముందే రాసుకోకపోతే ఏమవుతుందో మా స్కూల్‌కొచ్చి చూడండి. పోనీ ఎవరైనా వచ్చి ఈ పనివల్ల లాభం ఏంటి అని చూస్తారా అంటే ఆ ఇంపాక్ట్ అసెస్‌మెంట్ అనేది మూడేళ్ళ సగటున ఏడాదికి 10 కోట్లు సీఎస్‌ఆర్ పెట్టాల్సిన పెద్ద కంపెనీలకే తప్పనిసరి, అదీ కోటి రూపాయలు ఆపైన ఉన్న ప్రాజెక్టులకే. మా ఆర్‌ఓ గది దాకా ఎవడొస్తాడు.

సరే, ఇది చిన్న విషయం, పన్నెండు వేల విషయం. నేను ఉత్తరం రాయటానికి కూర్చుంది దీనికోసం కాదు.

మొన్న ఆదివారం నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. కుర్రాడంటే ముప్ఫై అయిదేళ్ళుంటాయి, అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌లో కాంట్రాక్ట్ లేబర్‌గా ఏడేళ్ళ నుంచి చేస్తున్నాడు, వాడి కూతురు మా స్కూల్లోనే ఆరో తరగతి. "మాస్టారూ, ఇదొకసారి చూడండి, నాకు లెక్క అర్థం కావట్లేదు" అని ఫోన్ ఇచ్చాడు. ఉమంగ్ అనే సర్కారు యాప్‌లో వాడి పీఎఫ్ పాస్‌బుక్. పక్కన పేస్లిప్పులు పెట్టాడు, మడతలు పడి, ఒకదానిమీద టీ మరక. బేసిక్ పన్నెండు వేలు, అందులో 12 శాతం అంటే 1,440 ప్రతి నెలా కోసినట్టు స్లిప్పులో ఉంది. పాస్‌బుక్‌లో చివరి ఎంట్రీ పద్నాలుగు నెలల కిందటిది. అంటే జీతంలోంచి కోశారు, అక్కడ కట్టలేదు. వాడికి అర్థం కాక కాదు వచ్చింది, నమ్మలేక వచ్చాడు. పద్నాలుగు పద్నాలుగొందల నలభైలు 20,160, యజమాని వాటా కూడా అంతే కలిపితే 40,320. కాయితం మీద వేసి చూపిస్తే చాలాసేపు ఆ అంకె వైపే చూశాడు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర అడిగితే "నువ్వు మా ఎంప్లాయీవి కాదు, కాంట్రాక్టర్‌ని అడుగు" అన్నారంట. కాంట్రాక్టర్‌ని అడిగితే "నేను మొన్న జూన్‌లో వచ్చాను, పాతాయన్ని అడుగు" అన్నాడంట. పాతాయన ఫోన్ స్విచ్చాఫ్. కాంట్రాక్టర్లు మారతారు, టీషర్టు మీద పేరు మారుద్ది, వీడు మాత్రం అదే బెల్టు ముందు అదే డబ్బాలు సర్దుతుంటాడు ఏడేళ్ళ నుంచి. కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్న మనిషి పీఎఫ్‌కి కూడా అసలు యజమానే బాధ్యుడని పీఎఫ్ రూల్స్‌లో ఎప్పట్నుంచో ఉంది, కొత్త విషయమేం కాదు. కానీ ఆ మాట గేటు దగ్గర సెక్యూరిటీకి ఎవరు చెప్తారు, వీడు చెప్తే రేపట్నుంచి డ్యూటీ ఉంటుందా?

ఇప్పుడు నా బాధ అర్థమైంది కదా. కూతురు కూర్చునే బెంచీ కంపెనీ ఇచ్చింది, దానికి ఫొటో పడింది. తండ్రి పీఎఫ్ పోయింది, దానికి ఏ ఫొటో లేదు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు, మా అల్లుడు ముందు ఆ సామెత అనకూడదు గానీ ఇక్కడ అంతకంటే సరిపోయేది దొరకట్లేదు.

అల్లుడితో ఈ విషయం మాట్లాడితే అతనికి కాస్త కోపం వచ్చింది. "మావయ్యగారూ, ఇవ్వకపోతే దొంగలంటారు, ఇస్తే పబ్లిసిటీ అంటారు, మార్చి నెలలో మా ఆఫీసుకొచ్చి చూడండి ఒకసారి" అన్నాడు. అతని బాధ కూడా నిజమే. నెట్‌వర్త్ 500 కోట్లు గానీ టర్నోవర్ 1000 కోట్లు గానీ నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ అంతకుముందు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి, 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇలా చట్టం పెట్టి ఖర్చు చేయించిన మొదటి దేశాల్లో మనదొకటి. మొదట్లో ఖర్చు పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో కారణం రాస్తే సరిపోయేది, 2021 నుంచి అలా కుదరదు, మిగిలింది సర్కారు ఫండ్లలో వెయ్యాలి లేదా నడుస్తున్న ప్రాజెక్టు అయితే వేరే అకౌంట్లో పెట్టి మూడేళ్ళలోపు ఖర్చు చెయ్యాలి, లేకపోతే జరిమానా. అందుకని ఫిబ్రవరి మార్చి వచ్చేసరికి ఎక్కడ ఖర్చు పెట్టాలా అని పరిగెత్తుతారంట, బెంచీలు, ట్యాబులు, ఆర్‌ఓ ప్లాంట్లు, గోడలకి రంగులు, త్వరగా అయిపోయేవి, ఫొటో బాగా వచ్చేవి. పది స్కూళ్ళకి తిరిగి ఏం కావాలో అడిగే టైం ఎక్కడిది అన్నాడు. మా స్కూల్‌కి అసలు కావలసింది ఆడపిల్లల టాయిలెట్‌కి నీళ్ళ కనెక్షన్. ఎవరూ అడగలేదు.

నేను అతనికి ఒకటే అన్నాను. కంపెనీకి వంద రూపాయలు లాభం వస్తే రెండు రూపాయల గురించి చట్టం ఉంది, కమిటీ ఉంది, రిపోర్టు ఉంది, పేపర్లో ఫొటో ఉంది, ఆ వంద ఎలా వచ్చిందని మటుకు ఊళ్ళో ఎవరూ అడగరేంటి? అతను నవ్వి "అది మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నాడు. నిజంగానే వాళ్ళ ఆఫీసులో అది వేరే ఫ్లోరంట.

ఈ రెండు ఫ్లోర్ల సంగతి తెలుగువాళ్ళకి ఇంకొకరు చెప్పక్కర్లేదండీ, మనం కళ్ళారా చూశాం. 2008లో మా అన్నయ్యకి అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఊళ్ళో బండి లేదు, 108కి కొట్టారు, వచ్చింది, బతికాడు, ఇంకో పదకొండేళ్ళున్నాడు. ఆ 108ని 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలుపెట్టింది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు గారి ఈఎంఆర్‌ఐ అనే సంస్థ. మా చెల్లెలి అత్తారిల్లు భీమవరం వైపు, రొయ్యల చెరువులొచ్చాక అక్కడ బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం, ఆ పక్క ఊళ్ళల్లో ఆయన కుటుంబం పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టారు, పెళ్ళిళ్ళకి వెళ్తే ఆ నీళ్ళే తాగేవాళ్ళం. ఆ రోజుల్లో 2 శాతం చట్టం లేదు, ఎవరూ అడక్కుండానే చేశారు. అదంతా నాటకం అనేవాళ్ళతో నేను ఇప్పటికీ ఒప్పుకోను, మా అన్నయ్య నాటకంలో బతకలేదు కదా.

అదే రామలింగరాజు గారు 2009 జనవరి 7న లెక్కలు తప్పని ఒప్పుకుంటూ సత్యం బోర్డుకి రాసిన ఉత్తరం ఆ రోజు అందరూ చదివారు, నేను లెక్కల మాస్టారులా చదివాను. 2008 సెప్టెంబర్ క్వార్టర్ ఆదాయం 2,700 కోట్లని చూపించారు, అసలు 2,112. ఆపరేటింగ్ లాభం 649 కోట్లని చూపించారు, అసలు 61. తీసివేత చేసి చూడండి, రెండుచోట్లా 588 వస్తుంది. లేని అమ్మకం రాస్తే దానికి ఖర్చు ఉండదు కదా, మొత్తం లాభంలోకే పోతుంది, 3 శాతం మార్జిన్ కాస్తా 24 అయింది. ఆ లేని లాభం ఎక్కడో ఉండాలి కాబట్టి బ్యాంకులో ఉన్నట్టు రాశారు, పుస్తకాల్లో 5,361 కోట్లు నగదు, బ్యాంకు నిల్వలు అయితే అందులో 5,040 కోట్లు లేనే లేవు. పరీక్షలో పిల్లాడు ఇలా చేస్తే స్టెప్పులు ఏవిరా అని అడుగుతాం. అక్కడ ఆడిట్ చేసింది ప్రపంచంలో పేరున్న సంస్థ, బోర్డులో మాజీ కేబినెట్ సెక్రటరీ, హార్వర్డ్ ప్రొఫెసర్, ఇంకా పెద్దపెద్దవాళ్ళు, ఒక్కరూ స్టెప్పులు అడగలేదు. ఆ లేని డబ్బు స్థానంలో కుటుంబ కంపెనీల భూములు పెట్టేద్దామని 2008 డిసెంబర్ 16న మేటాస్ కంపెనీలు కొంటున్నామని (సత్యం స్పెల్లింగ్ ఇంగ్లీషులో తిరగేస్తే మేటాస్, చూడండి) ప్రకటిస్తే దానికి కూడా బోర్డు సరే అంది, అమెరికాలో షేరు సగానికి పైగా పడిపోతే అప్పుడు రాత్రికి రాత్రే వెనక్కి తగ్గారు. పులి మీద ఎక్కాను, దాని నోట పడకుండా దిగటం ఎలాగో తెలీలేదు అన్నట్టు రాశారు ఆయన ఆ ఉత్తరంలో. దానికి నాలుగు నెలల ముందే మంచి కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది ఆ కంపెనీకి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. అవార్డు ఫొటో కూడా పేపర్లలో వచ్చే ఉంటుంది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ స్పెషల్ కోర్టు ఆయనకి ఏడేళ్ళ శిక్ష, 5 కోట్ల జరిమానా వేసింది, అప్పీలుకెళ్ళి బెయిల్ మీద బయటికొచ్చారు, ఆ వివరాలు మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పొచ్చేదేంటంటే, ఆ 108 అంబులెన్సు వల్ల ఈ 588 మాఫీ అవ్వలేదు, ఈ 588 వల్ల ఆ అంబులెన్సు అబద్ధం అవ్వలేదు. రెండూ వేర్వేరు ఖాతాలు. మనం మాత్రం ఒకదాన్ని చూసి రెండోదాన్ని అడగటం మానేశాం, అంత మంచాయన్ని ఎలా అడుగుతాం అని. ఆ మొహమాటమే ఆడిటర్లకీ ఉందేమో డైరెక్టర్లకీ ఉందేమో నాకు తెలీదు గానీ మన ఊళ్ళల్లో మాత్రం ఉంది, మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లో ఉంది. పీఎఫ్ విషయం ఎత్తితే ఒక మేడం "బెంచీలిచ్చిన వాళ్ళని అనటం బాగోదేమో మాస్టారూ" అన్నారు.

తమాషా ఏంటంటే సత్యం గొడవ తర్వాత వచ్చిన ఆ 2013 చట్టంలోనే ఆడిటర్లని మార్చాలన్న రూల్, స్వతంత్ర డైరెక్టర్ల రూల్స్, మోసానికి 447వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు, ఇవన్నీ పెట్టారు, అందులోనే 135వ సెక్షన్ సీఎస్‌ఆర్ కూడా పెట్టారు. ఒకే పుస్తకం. జనానికి తెలిసింది మాత్రం సీఎస్‌ఆర్ ఒక్కటే. అదొచ్చాక కలెక్టరాఫీసుల్లోనూ ఎమ్మెల్యేల దగ్గరా కంపెనీ వాళ్ళు కనిపిస్తే చాలు "మీ సీఎస్‌ఆర్ నుంచి ఒక బస్ షెల్టర్ వెయ్యండి" అనేది ఊతపదం అయిపోయింది. వేసిన కంపెనీని మళ్ళీ కాలవలోకి ఏం వదుల్తున్నావు అని అడగటానికి నోరెలా వస్తుంది ఎవరికైనా?

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజాము గుర్తుంది కదా, ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకై ఆర్ఆర్ వెంకటాపురంలో జనం రోడ్ల మీద పడిపోయారు, 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పిన విషయాల్లో నన్ను ఇప్పటికీ పట్టుకున్నది సైరన్ మోగించలేదన్నది. మోగించటానికి ఏర్పాట్లున్నాయి, మోగించలేదు. ఆలోచించండి, సైరన్ పనిచెయ్యటం సీఎస్‌ఆర్ కిందకి రాదు, ట్యాంకు టెంపరేచర్ చూసుకోవటం రాదు, కాంట్రాక్ట్ కుర్రాడి పీఎఫ్ కట్టటం రాదు. చట్టమే చెప్తుంది వ్యాపారంలో మామూలుగా చెయ్యాల్సిన పని సీఎస్‌ఆర్ కాదని. కరెక్టే, కానీ ఊరివాడికి కంపెనీతో ఉన్న అసలు సంబంధం మొత్తం ఆ మామూలు పనుల్లోనే ఉంది.

కాబట్టి ఎడిటర్ గారూ, మీరు ఆ ఫొటోలు మానెయ్యమని నేను అనను, పిల్లలు పేపర్లో తమ మొహం వెతుక్కుని మురిసిపోతారు. కాకపోతే ఫొటో పంపిన కంపెనీ పీఆర్వోని మీ విలేకరి రెండు ముక్కలు అడిగితే చాలు, మీ దగ్గర కాంట్రాక్ట్ మనుషులెంతమంది, వాళ్ళ పీఎఫ్ ఈఎస్ఐ పోయిన నెల దాకా జమ అయిందా. చెప్తే ఫొటో కింద ఒక లైన్ వెయ్యండి, చెప్పకపోతే చెప్పలేదని వెయ్యండి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు, స్టాక్ మార్కెట్లో ఉన్న టాప్ వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి మార్కెట్‌ని చూసే సెబీ రూల్ ప్రకారం బీఆర్‌ఎస్‌ఆర్ అని తమ బాధ్యతల మీద రిపోర్టు ఇస్తున్నాయి, అందులో పీఎఫ్ కోసింది జమ చేశారా లేదా అని ఒక గడి ఉంది, చుట్టుపక్కల జనం నుంచి ఎన్ని ఫిర్యాదులొచ్చాయి ఎన్ని పెండింగ్ అని ఇంకో గడి ఉంది. అల్లుడు చూపించాడు నాకు. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, మాలాంటి వాళ్ళం వెళ్ళి చూస్తామా. ఫిర్యాదులు సున్నా అని రాసుకున్నవి కూడా కనిపించాయి. మా ఊళ్ళో ఫిర్యాదు ఎవరికివ్వాలో తెలిసినవాడు లేడు, సున్నా రాక ఏమొస్తుంది.

కంపెనీలు తమ సీఎస్‌ఆర్ కమిటీ ఎవరు, ఏ ప్రాజెక్టులు అని వెబ్‌సైట్‌లో పెట్టాలని రూల్ ఉంది. వెబ్‌సైట్‌లో పెట్టింది తెలుగులో ఒక కాయితం మీద మా పంచాయతీ బోర్డుకి కూడా అంటించమనండి, మెయింటెనెన్స్ ఎవరిదో ఎన్నేళ్ళో కూడా రాసి. గ్రామసభలో చదివితే ఇంకా మంచిది. మా వాళ్ళు అడుగుతారు, లెక్క తెలిస్తే మా ఊరోళ్ళు బాగా అడుగుతారు, చేపల చెరువు వేలంలో చూడాలి వాళ్ళని.

హెడ్మాస్టర్ గారూ నేనూ కలిసి చందా వేసి మెంబ్రేన్ మార్పిద్దామనుకుంటున్నాం, పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో నాలుగు వేలు అయ్యాయి ఇప్పటిదాకా. ఆ కుర్రాడు కూడా రెండొందలు వేశాడు, వద్దన్నా వినలేదు. వాడి తరఫున పీఎఫ్ ఆన్‌లైన్ ఫిర్యాదు నేనే రాసిచ్చాను, పేస్లిప్పులు పద్నాలుగూ స్కాన్ చేసి, టీ మరకున్నదాంతో సహా.

ఉత్తరం చాలా పెద్దదైంది, చోటు లేకపోతే సత్యం ముక్క, నా అల్లుడి గొడవ కోసెయ్యండి, పీఎఫ్ ముక్క మాత్రం కొయ్యొద్దు. పేరు లేకుండా పేపర్లో వస్తుందిరా అని వాడికి చెప్పాను, ఆదివారం నుంచి రోజూ పొద్దున్నే టీకొట్టు దగ్గర పేపర్ తిరగేస్తున్నాడంట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు